బేరం ఆడటం ఎలా: కూరగాయల బండి దగ్గర్నుంచి లాడ్ బజార్ గాజుల దాకా

మొన్న బుధవారం మా కాలనీ అంగడిలో నా ముందు ఒక అమ్మాయి టమాటా బేరం చేస్తోంది. అమ్మే ఆవిడ కిలో 40 చెప్పింది, ఈ అమ్మాయి 30కి ఇమ్మంది, కుదరదంది, పోనీ 35 అంది, ఆవిడ ఇక జవాబు చెప్పకుండా పక్కవాళ్ళకి తూచడం మొదలెట్టింది, అమ్మాయి చిరాగ్గా వెళ్ళిపోయింది. తర్వాత నేను. కిలో 40కే తూయించుకుని, సంచి తెరిచి పట్టుకుని, "అమ్మా, పైన ఇంకో రెండు పండ్లు వెయ్యి, కాసిని పచ్చిమిర్చి, కరేపాకు పెట్టు" అన్నా. మూడు టమాటాలు వేసింది, గుప్పెడు మిర్చి వేసింది, కరేపాకు నాలుగు రెబ్బలు తుంపి పైన పెట్టింది. ఒక్క మాట అనలేదు.

మూడు టమాటాలు, మిర్చి, కరేపాకు కలిపి లెక్కేస్తే ఆ అమ్మాయి తగ్గించమన్న 10 రూపాయల కంటే ఎక్కువే వచ్చింది నాకు. ఆవిడకి కూడా నా మీద కోపం లేదు. నాకు బేరం నేర్పింది తెనాలిలో మా అమ్మమ్మ, హైదరాబాద్ వచ్చాక ఇరవై ఏళ్ళుగా నేను రోజూ చేస్తున్నదీ అదే: అమ్మేవాళ్ళకి ఏది ఇవ్వడం తేలికో అది అడగాలి. కూరగాయలమ్మే ఆవిడకి సరుకు ఇవ్వడం తేలిక, డబ్బు తగ్గించడం కష్టం. గాజుల షాపాయనకి డబ్బు తగ్గించడం తేలిక. బియ్యం కొట్టాయనకి బస్తా వాపస్ తీసుకుంటానని మాటివ్వడం తేలిక. ఎవరి దగ్గర ఏం అడగాలో తెలిస్తే గొంతు పెంచాల్సిన పనే ఉండదు. ఒక్కో అడుగు చెప్తాను, మీకు పనికొచ్చేవి తీసుకోండి.

1. ఇంట్లోంచి బయల్దేరే ముందే రేటు తెలుసుకోండి

రేటు తెలీకుండా బేరమాడితే చీకట్లో రాయి విసిరినట్టే. కూరగాయలకైతే అన్నిటికన్నా తేలికైన దారి రైతు బజార్ బోర్డు. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతు బజార్లు పెట్టినప్పట్నుంచీ గేటు దగ్గర ఆ రోజు ధరలు రాసిపెడుతున్నారు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, మెహిదీపట్నం, కూకట్‌పల్లి, వైజాగ్‌లో సీతమ్మధార, ఎంవీపీ కాలనీ, ఇలా మీ ఊళ్ళో ఏది దగ్గరైతే అది, వారానికోసారి వెళ్ళినప్పుడు ఆ బోర్డు ఫోన్‌లో ఒక ఫొటో తీసుకోండి. నేను అలాగే చేస్తాను. ఆ వారమంతా బండి దగ్గర కొనేటప్పుడు అదే నా కొలబద్ద.

ఒక్క మాట, బోర్డు మీద రేటే బండి మీద కూడా ఇమ్మని పట్టుబట్టకండి. బండి ఆయన తెల్లారుజామున బోయిన్‌పల్లి లాంటి పెద్ద మార్కెట్‌కి వెళ్ళి సరుకెత్తుకుని, ఆటో కిరాయి పెట్టుకుని, మీ ఇంటి ముందుకి తోసుకొచ్చి, సాయంత్రానికి మెత్తబడిందంతా పారేసుకోవాలి. కిలోకి ఓ 5, 10 ఎక్కువ ఉండటం న్యాయమే. బోర్డు మీద 30 ఉంటే బండి మీద 40 సరే, 60 చెప్తే మాత్రం అడగాలి.

ఇంకోటి, రేటు ఎంతకి చెప్తున్నారో జాగ్రత్తగా వినండి. ధరలు మండిపోతున్నప్పుడు కిలో లెక్క మానేసి "పావు 30" అంటారు, చెవికి తక్కువగానే ఉంటుంది, కిలోకి చూస్తే 120. 2023 జులైలో టమాటా కిలో 100 దాటిపోయినప్పుడు మా వీధిలో కిలో అన్న మాటే వినపడలేదు, అంతా పావు లెక్కే. ఫోన్ యాప్‌ల్లో కూడా ఇదే, రేటు పెద్దక్షరాల్లో ఉంటుంది, కింద 500 గ్రాములనో 250 గ్రాములనో చిన్నగా ఉంటుంది. అది చూపించి "యాప్‌లో తక్కువుంది కదా" అనే ముందు ఆ చిన్నక్షరాలు చదవండి.

2. ఏ వేళకి వెళ్తున్నారు, ఏ రోజు వెళ్తున్నారు

పొద్దున్నే బోణీ బేరం గురించి అందరికీ తెలుసు, మొదటి కొనుగోలుదారుని ఖాళీ చేతుల్తో పంపడం ఎవరికీ ఇష్టం ఉండదు కాబట్టి కాస్త తగ్గిస్తారు. కానీ బోణీకి వెళ్ళి బేరమాడి కొనకుండా రావడం మాత్రం చెయ్యకండి. ఆ రోజంతా వాళ్ళ మనసులో ఉంటుంది అది. కొనాలని గట్టిగా అనుకుంటేనే బోణీకి వెళ్ళండి.

ఆకుకూరలకి, పువ్వులకి, మెత్తటి పండ్లకి సాయంత్రం చీకటి పడేవేళ మంచిది. తోటకూర, పాలకూర రేపటికి నిలవ్వు, ఆ సంగతి మీకూ తెలుసు, ఆవిడకీ తెలుసు. అప్పుడు "మిగిలిన కట్టలన్నీ కలిపి ఎంత" అని అడగండి. ఒక్కో కట్ట మీద రూపాయి తగ్గించమనడం కన్నా ఇదే నయం, ఎందుకంటే గంప ఖాళీ చేసుకుని ఇంటికి పోవడం ఆవిడకి అన్నిటికన్నా పెద్ద లాభం. ఉల్లిపాయలు, బంగాళదుంపలు, కందకి ఈ సాయంత్రం లెక్క పనిచెయ్యదు, అవి రేపూ అమ్ముడుపోతాయి.

పండగల లెక్క వేరే. వరలక్ష్మీ వ్రతం ముందు రోజు సాయంత్రం పువ్వుల దగ్గర బేరం మాటే ఎత్తకండి, మీ వెనక పదిమంది నిలబడి ఉంటారు. బతుకమ్మకి, దసరాకి బంతిపూలు కావాలంటే నలుగురు కలిసి తెల్లవారుజామున గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కి వెళ్ళి కిలోల లెక్కన తెచ్చుకుని పంచుకోవడం ఉత్తమం. మృగశిర కార్తె రోజు చేపలు, అంటే జూన్ మొదటి వారం దాటాక, ఎంత చెప్తే అంతే, ఆ రోజు చేప తినాలని ఊరంతా బయల్దేరుతుంది కాబట్టి రాంనగర్ మార్కెట్‌లో నడవడానికే చోటుండదు. రెండ్రోజులాగి వెళ్ళండి. కార్తీక మాసంలో మాంసం మానేసేవాళ్ళు చాలామంది ఉంటారు, మీకు ఆ పట్టింపు లేకపోతే చికెన్, చేపలు అప్పుడే నిదానంగా ఏరుకుని, అడిగి తీసుకోవచ్చు.

3. కొసరు అడగడం

అసలు కన్నా కొసరు ముద్దు అని మనవాళ్ళు ఊరికే అన్లేదు. మా అమ్మమ్మ పాలు పోయించుకునేటప్పుడు గిన్నె వెంటనే లాక్కునేది కాదు. సోల నిండా పోసేదాకా చూసి, గిన్నె అలాగే పట్టుకుని పాలాయన మొహంలోకి చూసేది, ఆయన ఇంకో చుక్క పోసేవాడు, అప్పుడు గిన్నె వెనక్కి. ఏమీ అడిగేది కాదు. అది కొసరు. కిలో సంచుల కాలంలో, ప్యాకెట్ల కాలంలో పుట్టిన పిల్లలకి అడగాలని కూడా తెలీట్లేదు.

కొసరు ఎందుకు తేలిగ్గా ఇస్తారో చూడండి. టమాటా ఆవిడకి కిలో 28 పడిందనుకుందాం, మీకు 40కి అమ్ముతోంది. 5 రూపాయలు తగ్గించమంటే ఆవిడకి మిగిలే 12లో 5 పోయాయి, దాదాపు సగం. అదే రెండు టమాటాలు ఎక్కువేస్తే, 150 గ్రాములనుకోండి, ఆవిడకి పోయింది 4 రూపాయలు, మీకొచ్చింది 6 రూపాయల సరుకు. పైగా ఆ రెండూ సాయంత్రానికి నలిగి పారబోసేవే కావచ్చు. బండ్లవాళ్ళలో చాలామంది పొద్దున గిరిగిరి అప్పు తెచ్చి సరుకెత్తుకుని సాయంత్రానికి వడ్డీతో కట్టేవాళ్ళు, వాళ్ళకి చేతిలో నోటు ముఖ్యం. 2020లో వీధి వ్యాపారుల కోసం స్వనిధి పథకం కింద 10 వేల అప్పు మొదలెట్టారు కానీ గిరిగిరి ఇంకా పోలేదు, మా వీధిలో సాయంత్రం 7 అయ్యేసరికి వసూలుకి బండి మీద వచ్చే మనిషిని నేను రోజూ చూస్తాను. అందుకే డబ్బులో కాదు, సరుకులో అడగండి.

ఎలా అడగాలి? తూకం అయిపోయాక, డబ్బు చేతిలో పట్టుకుని, ఇవ్వబోయే ముందు. తూకానికి ముందు అడిగితే ఆ రెండూ కలిపే తూచేస్తారు. డబ్బు ఇచ్చేశాక అడిగితే వినపడనట్టు ఊరుకుంటారు. మధ్యలో ఆ ఒక్క క్షణం ఉంది. అప్పుడు సంచి తెరిచి పట్టుకుని "అమ్మా, ఇంకో నాలుగు వెయ్యి" అనండి. ఏం వెయ్యాలో, ఎంతో మీరే చెప్పండి, "ఏమైనా ఎక్కువెయ్యి" అంటే ఏదో పుచ్చిన కాయ ఏరి వేస్తారు. ఒకేచోట నాలుగైదు రకాలు తీసుకోండి, అప్పుడు కొత్తిమీర, కరేపాకు, పచ్చిమిర్చి అడిగే హక్కు దానంతటదే వస్తుంది. పావు బెండకాయలు కొని కొత్తిమీర కట్ట అడిగితే అది అన్యాయం.

పువ్వులకి కొసరు ఇంకా బాగా పనిచేస్తుంది, కానీ ముందు మూర చూసుకోవాలి. మూర అంటే మోచేతి నుంచి మధ్యవేలి కొస దాకా, సుమారు 18 అంగుళాలు. కొలిచేటప్పుడు చెయ్యి చూడండి: మోచెయ్యి కొస దగ్గర్నుంచి మొదలెడుతున్నారా, లేక రెండంగుళాలు పైకి పట్టుకున్నారా, వేళ్ళు చాపారా, మడిచారా, దండ వదులుగా పడుతోందా లేక సాగదీసి లాగుతున్నారా. నాలుగు మూరలు కొంటే ఈ తేడాకి అర మూర పోతుంది. నేను దెబ్బలాడను, నా చెయ్యి పక్కన పెట్టి "దీనికి ఒక్కసారి కొలువమ్మా" అంటాను నవ్వుతూ, ఆ తర్వాత కోసేటప్పుడు "ఒక జానెడు వదిలి కొయ్యి" అంటాను. మూరకి 5 తగ్గించమని అరగంట వాదించినా ఆ జానెడంత లాభం రాదు.

చేపల దగ్గర కొసరంటే పని. రవ్వ, బొచ్చె, కొర్రమీను ఏది తీసుకున్నా ముందే అడగండి, ఈ రేటు శుభ్రం చేసి ముక్కలు కొట్టి ఇచ్చేదానికా, కొట్టడానికి వేరే డబ్బులా అని. తూకం మాత్రం శుభ్రం చెయ్యకముందే వేస్తారు కాబట్టి తల వదిలెయ్యకండి, పులుసుకి అడిగి తీసుకోండి, దానికీ మీరు డబ్బు కట్టారు.

4. రేటు తగ్గిన చోట కాటా చూడండి

ఇది చాలా ముఖ్యం, చాలామంది మర్చిపోతారు. కిలో 60 అన్న ద్రాక్ష అడగ్గానే 40కి దిగిందంటే సంతోషించే ముందు కాటా వైపు చూడండి. తూచే ముందు సున్నా ఉందా, ఖాళీ తట్ట బరువు తీసేశారా, కాటా అంకెలు మీకు కనపడేలా తిరిగి ఉందా. ఎలక్ట్రానిక్ కాటాకి ఏడాదికోసారి తూనికలు కొలతల శాఖ వాళ్ళ ముద్ర వేయించుకోవాలి, ఆ ముద్ర ఉందో లేదో చూడొచ్చు. నేను చేసే పని ఇంకా సులువు. సంచిలో విప్పని కిలో ఉప్పు ప్యాకెట్ ఉంటే అనుమానం వచ్చినచోట దాన్ని కాటా మీద పెట్టమంటాను. కవర్‌తో కలిపి కిలో మీద కొన్ని గ్రాములు చూపించాలి. 1100 చూపించిందంటే మీరు కొనే ప్రతి కిలోలో దాదాపు 90 గ్రాములు పోతున్నట్టు. దెబ్బలాట వద్దు, ప్యాకెట్ సంచిలో వేసుకుని వేరే బండికి వెళ్ళండి.

5. గాజులు, బట్టలు, చెప్పులు, బ్యాగులు: ఇక్కడ డబ్బు బేరమే

హైదరాబాద్‌లో లాడ్ బజార్, సుల్తాన్ బజార్, సికింద్రాబాద్ జనరల్ బజార్, విజయవాడ బీసెంట్ రోడ్, ఇలాంటిచోట్ల సరుకు పాడైపోదు, కొసరుగా ఇవ్వడానికి ఏమీ ఉండదు, బేరం ఆడతారని ముందే ఎక్కువ కలిపి చెప్తారు. కాబట్టి ఇక్కడ డబ్బే అడగాలి.

"చెప్పిన దాంట్లో సగానికి అడుగు" అని అందరూ ఇచ్చే సలహా ఉంది చూశారా, అది నమ్మి నేను ఒకసారి బాగా నష్టపోయాను. ఒక బట్టల షాపులో చీర 2200 చెప్పారు, నేను 1100 దగ్గర మొదలెట్టి గంటసేపు కూర్చుని 1400కి తెచ్చుకున్నా, 800 మిగిలిందని ఇంటిల్లిపాదికీ చెప్పుకున్నా. వారం తర్వాత పక్క సందులో అదే చీర, అదే అంచు, అడగ్గానే 1150 చెప్పారు. నేను బేరమాడింది వాళ్ళు చెప్పిన అంకెతో, చీర విలువతో కాదు. అప్పట్నుంచీ ఒకటే పద్ధతి: కొనే ముందు కనీసం రెండు మూడు షాపుల్లో అదే వస్తువు రేటు అడగడం, మొదటి షాపులో ఎప్పుడూ కొనకపోవడం.

లాడ్ బజార్‌లో లక్క గాజులు కొన్న తీరు వివరంగా చెప్తాను, మా మరదలి పెళ్ళికి. మొదటి షాపులో రాళ్ళ జత 600 అన్నారు, ఊరికే విని వచ్చేశా. రెండోచోట 550 అన్నారు, థాంక్స్ చెప్పి మెట్టు దిగుతుంటే వెనకనుంచి "మేడం, 450కి తీసుకోండి" అని కేక. అంటే 450 ఆయనకి గిట్టుబాటే, అడక్కుండానే దిగాడంటే ఇంకాస్త కిందికి కూడా ఉంటుంది. నేను మనసులో 400 అనుకున్నా, 420 దాటకూడదని కూడా అనుకున్నా. ఈ పై అంకె షాపు మెట్టెక్కక ముందే అనుకోవాలి, లోపలికెళ్ళి రంగులు చూశాక అనుకుంటే అది నిలబడదు.

మూడో షాపులో నాకు నచ్చిన రంగు దొరికింది. నచ్చిందని మొహంలో చూపించకుండా ఇంకో రెండు జతలు తీయించి, మూడూ పక్కపక్కన పెట్టి, చివరికి కావాల్సిన దాని రేటు అడిగా. 600. నేను 320 అన్నా. ఆయన నవ్వి, "320కి లక్క కూడా రాదు మేడం, చేత్తో అతికించిన రాళ్ళు ఇవి" అన్నాడు, అది నిజమే కూడా, కరిగించిన లక్కని చేత్తో చుట్టి ఒక్కో రాయి అద్దే పని అది, 2024లో హైదరాబాద్ లక్క గాజులకి జీఐ (ఫలానా చోటి సరుకని ఇచ్చే) గుర్తింపు వచ్చింది ఊరికే కాదు. నేను ఆ పనిని తక్కువ చేసి మాట్లాడలేదు. "పని బాగుంది అన్నా, నా దగ్గర అంత లేదు, 350" అన్నా. ఆయన 550. నేను 370. ఆయన 500. నేను మాట్లాడలేదు. గాజులు అటూ ఇటూ తిప్పి చూస్తూ ఊరుకున్నా. ఎంతసేపు, ఒక అర నిమిషం. ఆయనే "సరే 450, ఆఖరి మాట" అన్నాడు. అప్పుడు చూపించా, ఒక గాజుకి రెండు రాళ్ళు లేవు. "ఈ రెండు రాళ్ళు అతికించి, డబ్బా ఇచ్చి, 400 తీసుకోండి, ఇంకో జత కూడా ఇదే రేటుకి తీసుకుంటా" అన్నా. కుదిరింది. అతికించడానికి పది నిమిషాలు కూర్చోబెట్టారు, టీ తెప్పించారు.

అందులో గమనించాల్సినవి చెప్తా. నేను పెంచింది 30, తర్వాత 20, పెరిగే అంకె చిన్నదవుతుంటే నా దగ్గర ఇంక లేదని ఆయనకి అర్థమవుతుంది. 320 నుంచి ఒకేసారి 400కి దూకితే 480 దాకా లాగేవాడు. వస్తువుకి వంకలు పెట్టలేదు, ఉన్న లోపం మాత్రం ఆఖర్న చూపించా. లోపం ముందే చెప్తే వేరే జత తీసి చూపిస్తారు. మాట్లాడకుండా ఊరుకోవడం చాలామందికి చేతకాదు, ఆ నిశ్శబ్దంలో భయపడి మనమే రేటు పెంచేస్తాం, అది అలవాటు చేసుకోవాలి. రెండో జత సంగతి మొదట్లోనే చెప్పకుండా చివరిదాకా దాచుకున్నా, ఆ ఒక్క మాటే 450ని 400 చేసింది.

లేచి వెళ్ళిపోవడం గురించి. నిజంగా వెళ్ళిపోవడానికి సిద్ధంగా ఉంటేనే లేవండి. పిలుస్తారని నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి చూస్తే ఇంక ఒక్క రూపాయి తగ్గదు.

భాష కూడా పనిచేస్తుంది. చార్మినార్ దగ్గర "భయ్యా, సహీ బోలో" అని రెండు ముక్కలు హైదరాబాదీలో అంటే బయటివాళ్ళు కాదని తెలుస్తుంది. మా వైపు కృష్ణా, గుంటూరులో అయితే "ఏమండీ" అన్న గౌరవం తగ్గకుండా మాట్లాడితేనే పని జరుగుతుంది. ఎక్కడైనా "ఇదేం రేటు, దోచేస్తున్నారా" అన్న క్షణం బేరం అయిపోయినట్టే, ఆ తర్వాత ఆయన పంతానికి పోతాడు.

బేగంబజార్‌లో స్టీలు సామాన్ల పద్ధతి కొంచెం వేరే. చాలా గిన్నెలు కిలోల లెక్కన తూచి ఇస్తారు, కాబట్టి అడగాల్సింది గిన్నె రేటు కాదు, కిలో రేటు. ముందు "ఒకటైతే ఎంత, డజనైతే ఎంత" అని రెండూ అడగండి. తర్వాత "ఆరు తీసుకుంటా, డజను రేటుకే ఇవ్వండి" అనండి. పక్కింటివాళ్ళని ఇద్దర్ని వెంటబెట్టుకెళ్తే ఇంకా మంచిది, పెళ్ళి సామాన్లకి మేం అలాగే వెళ్తాం.

6. కిరాణా, బియ్యం, బంగారం

ప్యాకెట్ మీద ఎంఆర్పీ ఉంటే దానికంటే ఎక్కువ తీసుకోకూడదు, తక్కువకి అమ్మొచ్చు. బస్టాండుల్లో కూలింగ్ అని 5 రూపాయలు ఎక్కువ తీసుకుంటే అది బేరం చేసే సంగతి కాదు, తప్పు, 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వొచ్చు. కిరాణా కొట్టులో ఒక్కో వస్తువుకి బేరమాడకండి, నెల సరుకుల చీటీ మొత్తం ఒకేసారి ఇచ్చి "మొత్తం మీద ఎంత తగ్గిస్తారు" అని అడగండి.

బియ్యానికి బస్తా రేటు చూసి మోసపోకండి, కిలో రేటు కట్టుకోండి. 2022 జులైలో 25 కిలోల దాకా ఉన్న ప్యాక్ బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వేశాక 26 కిలోల బస్తాలు వచ్చాయి, రెండూ పక్కపక్కనే ఉంటాయి, కిలో తేడా కంటికి తెలీదు. బియ్యంలో వ్యాపారికి మిగిలేది తక్కువ, బస్తాకి 20, 30 తగ్గించినా గొప్ప. అందుకే నేను అక్కడ డబ్బు అడగను, "అన్నం ముద్దయితే బస్తా వాపస్ తీసుకోవాలి, ఇంటికి మీరే వేయించాలి" అంటాను. పాత బియ్యమని చెప్పి కొత్తవి అంటగట్టడం మానేస్తారు ఆ ఒక్క మాటకి.

బంగారం రోజూ కొనేది కాదు గానీ అడుగుతారు కాబట్టి చెప్తున్నా. ఆ రోజు గ్రాము రేటు తగ్గదు, తగ్గేది తరుగు, మజూరీ. బిల్లు వేసే ముందు తరుగు ఎంత శాతమో అడిగి, రెండు షాపుల్లో పోల్చి, దాని మీదే మాట్లాడండి. నగ మీద అక్షరాలూ అంకెలూ కలిసి ఆరుండే గుర్తింపు కోడ్ హెచ్‌యూఐడీ ఉందో లేదో చూడండి, 2023 ఏప్రిల్ నుంచి అది లేని హాల్‌మార్క్ నగ అమ్మకూడదు.

7. ఆటో, కూలీ, ఇంటి పనులు

వీటికి ఒకటే సూత్రం, పని మొదలయ్యాక బేరం లేదు. ఆటో ఎక్కే ముందు ఫోన్‌లో యాప్ రేటు చూసుకుని, దానికి 10 అటూ ఇటూగా అడగండి, సామాన్లుంటే అవీ చూపించి అడగండి. ఇల్లు మారేటప్పుడు హమాలీలతో, ఎన్ని అంతస్తులు, లిఫ్ట్ ఉందా, బీరువా దింపడం ఇందులోనే కలిసి ఉందా, అన్నీ ముందే తెగ్గొట్టుకోవాలి, సగం సామాను రోడ్డు మీద ఉన్నప్పుడు వాళ్ళేమడిగితే అది ఇవ్వాల్సి వస్తుంది. మాట్లాడుకున్నది మాత్రం పూర్తిగా ఇవ్వండి, ఎండలో మూడంతస్తులు మోసిన మనిషి దగ్గర చివర్లో 100 కొయ్యడం నాకైతే చాలా తప్పనిపిస్తుంది.

8. ఎక్కడ ఆడకూడదు

గోనెపట్టా మీద పది కట్టల గోంగూర పెట్టుకుని కూర్చున్న ముసలమ్మ దగ్గర బేరం వద్దు. ఆ పది కట్టలూ అమ్మితే ఆవిడకొచ్చేదెంత? చెప్పులు కుట్టే తాత దగ్గర వద్దు. నేసినాయనే మూట భుజాన వేసుకుని చీరలు తెస్తే, మగ్గం మీద ఎన్ని రోజులు పట్టిందో అడగండి, ఆ రోజుల్ని కూలీ లెక్కన గుణించి చూడండి, బేరమాడాలనిపించదు.

ఇంకో నియమం మా అమ్మమ్మది, నేను ఎప్పుడూ తప్పలేదు. మీరు ఒక రేటు అన్నారు, అవతలివాళ్ళు సరేనన్నారు, అయిపోయింది, కొనాల్సిందే. సరేనన్నాక "ఇంకో 20 తగ్గించు" అనడం, "మళ్ళీ వస్తాలే" అని జారుకోవడం మాట తప్పడమే. కొనాలని లేనిదానికి రేటు పలకకండి.

9. ఖాతా మనిషిని చేసుకోండి

వారానికి నాలుగుసార్లు కొనే కూరగాయలకి నాలుగు బండ్లు తిరగొద్దు. ఒక రెండు నెలలు అందరి దగ్గరా కొని చూసి, తూకం బాగున్న మనిషిని ఒకర్ని పట్టుకోండి. ఆ తర్వాత అక్కడే కొనండి. చిల్లర నోట్లు తీసుకెళ్ళండి, 187 అయితే ఫోన్‌లో పైసలతో సహా కొట్టకుండా 190 ఇచ్చి "మూడు రూపాయలకి అల్లం ముక్క పెట్టు" అనండి, ఇంకోరోజు 183కి 180 ఇచ్చినా ఆవిడ ఏమీ అనదు. నేను కొనే ఆవిడ, యాదమ్మ అనుకుందాం, మొదటి ఆర్నెల్లు నేను అడిగితేనే కరేపాకు పెట్టేది. ఇప్పుడు నేను సంచి తెరిచేసరికి చేతిలో పట్టుకుని ఉంటుంది. మొన్న ఆదివారం నేను నల్లవంకాయలు ఏరుతుంటే చెయ్యి పట్టుకుని ఆపి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "ఇయ్యాల వంకాయ వద్దు బిడ్డా, పుచ్చులు ఎక్కువున్నయ్, రేపు మంచియి తెస్త" అంది.